ఒడి భాష – బడి భాష

సాయము చేయుటకంటె సులభమైన పనియు, సాయము చేయు తెరువెఱుగుటకంటె కష్టమైన పనియు లోకమున లేవని మాకు నానాటికి తోచుచున్నది. దప్పిగొన్నవానికి నీరు పోయుట సాయమే. కాని, నీరు పోయుటకు ముందు "నీ చేతి చెంబును పాఱవైచి రమ్ము" అని కట్టడి చేసినచో, ఆ వచ్చినవాడు నీటిని దేనితో పట్టుకొనును? స్వదేశము విడిచి పరదేశపు బడిలో చేరిన పిల్లలకు పెద్దలు చేయు సాయము పెక్కు తావుల నిట్టిదిగానే యున్నది. ఆ పిల్లలకు క్రొత్త భాష నేర్పవలెననుట నిర్వివాదము. నేర్పుటకై వారి పాత భాషను విడిపింపవలెనా, లేక దానినే ఊతగా గొనవలెనా యనునది ప్రశ్న. పైకి నిది బోధనాపద్ధతికి సంబంధించినదిగా కనబడును. తఱచి చూచినచో ధర్మమునకు సంబంధించినదని తేలును.

ఈ ప్రశ్నను గాలిలో నిలిపి చర్చించుట మాకిష్టము లేదు. కావున నొక యూరిని చూతము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో, మిషిగన్ రాష్ట్రమున, డెట్రాయిట్ నగరమున కానుకొని డియర్‌బోర్న్ అను పట్టణము కలదు. హెన్రీ ఫోర్డు అచ్చట రూజ్ నదియొడ్డున కట్టించిన బ్రహ్మాండమైన మోటారుకార్ల కర్మాగారము ఇరువదవ శతాబ్దపు తొలిభాగమున దేశదేశముల కార్మికులను రప్పించెను. లెబనాను, సిరియాలనుండి వచ్చిన అరబ్బులు వారిలో నుండిరి. పిమ్మట యెమెనునుండియు, ఇరాకునుండియు, 2011లో సిరియాలో అంతర్యుద్ధము చెలరేగిన తరువాత ఆ దేశమునుండియు కుటుంబములు వచ్చి చేరినవి. 2020 జనాభా లెక్కలలో ఆ పట్టణవాసులలో సగముకంటె నెక్కువమంది తమ పూర్వులు పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికాలవారని వ్రాయించుకొనిరి. ఇంట అరబ్బీ, బడిలో ఆంగ్లము: ఇది అచ్చట నెందఱో పిల్లల నిత్యజీవితము. పొరుగుననున్న కెనడా దేశమును 2015 నవంబరు మొదలు 2016 ఫిబ్రవరి చివరవఱకు గల నాలుగు నెలలలో 25,000 మందికి పైగా సిరియా శరణార్థులను చేర్చుకొనెను. వారి బిడ్డలును అట్లే ఆంగ్లపు బడుల గుమ్మములు త్రొక్కిరి.

డెట్రాయిటు ప్రాంతమున నూఱేండ్లకు పూర్వము జరిగిన యొక వేడుకను చదువరులకు తెలుపవలసియున్నది. ఫోర్డు కర్మాగారమువారు 1914లో తమ పరదేశ కార్మికులకు ఆంగ్లము నేర్పుటకై యొక పాఠశాల నెలకొల్పిరి. 1916 ప్రాంతమున ఆ పాఠశాలలో చదువు ముగించినవారికి చేసిన యుత్సవమున రంగస్థలముపై నొక పెద్ద కొప్పెర నుంచిరి. విద్యార్థులు తమ తమ దేశపు దుస్తులతో, మూటలు పట్టుకొని, ఓడ మెట్లు దిగి, ఆ కొప్పెరలో ప్రవేశించిరి. ఉపాధ్యాయులు పొడుగాటి తెడ్లతో దానిని కలియబెట్టిరి. అంతట ఆ విద్యార్థులే అమెరికా దుస్తులు తొడిగికొని, చిన్న చిన్న జెండాల నూపుచు వెలుపలికి వచ్చిరి. చూపరులకు గొప్ప యానందమయ్యెనని వేఱుగ చెప్పనేల?

ఆ పాఠశాలలో నేర్పిన ఆంగ్లమును మేము నిందింపము. అది కార్మికునకు కూడు పెట్టెను. బజారునను, కచేరిలోను మోసపోకుండ కాపాడెను. మా సందేహమంతయు ఆ కొప్పెరను గుఱించియే. పెద్దవాడు అందులో దిగి వెలువడి, సాయంకాలము ఇంటికేగి, భార్యతో తన భాషయే మాటాడుకొనగలడు. వాని భాష అప్పటికే ముదిరిన చెట్టు. ఆఱేండ్ల బిడ్డ అందులో దిగినచో నేమగును?

"అందఱకును ఒకే బడి, ఒకే పంతులు, ఒకే పుస్తకము. ఇంతకంటె న్యాయమేమున్నది?" అని కొందఱందురు. నక్క కొంగను విందునకు పిలిచి, పలుచని పళ్లెములో పాయసము వడ్డించిన కథ మన పిల్లలందఱు నెఱిగినదే. పళ్లెము ఇరువురకు సమానమే. కడుపు నిండినది మాత్రము నక్కకు. ఈ సంగతినే అమెరికా అత్యున్నత న్యాయస్థానము 1974లో తీర్పుగా చెప్పినది. శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఆంగ్లము తెలియని చీనా పిల్లల పక్షమున వచ్చిన వ్యాజ్యమది. అవే పుస్తకములు, అవే ఉపాధ్యాయులు, అదే పాఠ్యక్రమము ఇచ్చినంతమాత్రమున సమానత్వము కలుగదనియు, భాష తెలియనివానికి ఆ చదువు చేరనే చేరదనియు న్యాయమూర్తులు నిర్ణయించిరి. కాని, ఏ విధముగ నేర్పవలెనో వారు శాసింపలేదు. ఆ భారము బడిపై నిలిచినది.

ఏ విధముగ నన్నచో, మొట్టమొదట "భాష రాని పిల్ల" అను మాటను నాలుకపైనుండి తొలగింపవలెనని మా యభిప్రాయము. ఎనిమిదేండ్ల అరబ్బు పిల్లకు భాష రాకపోవుట యేమి? తల్లితో వాదింపగలదు, తమ్మునికి కథ చెప్పగలదు, బేరమాడగలదు, అలుగగలదు, ఓదార్పగలదు. ఆమెకు రానిది మన భాష. పంతులుగారికి రానిది ఆమె భాష. ఇరువురిలో నొక్కరినే అజ్ఞానియనుట యే తర్కము?

ఆమె చేయు తప్పులను చూతము. అరబ్బీ లిపి కుడినుండి యెడమకు నడచును. అక్షరములు ఇరువదియెనిమిది. ఒకే అక్షరము పదాదిని, మధ్యమున, అంతమున వేఱు వేఱు రూపములు దాల్చును. ఆంగ్లమునందలి పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు అను భేదము అందులో లేదు. హ్రస్వాచ్చులను సాధారణముగ వ్రాయనే వ్రాయరు. ఖురానునందును, పసిపిల్లల వాచకములందును మాత్రము గుర్తులు పెట్టుదురు. తక్కిన చోట్ల చదువరి తన భాషాజ్ఞానముచేత వానిని పూరించుకొనును. అట్టి చదువు నేర్చిన బిడ్డ ఆంగ్లపదములో నచ్చును విడిచి వ్రాసినచో అది అజాగ్రత్త కాదు. తన భాషలో మంచి చదువరి చేయు పనినే ఆమె ఇచ్చటను చేసినది.

అంకెల సంగతి మఱియు విచిత్రము. మనము వాడు ఈ అంకెలను ఆంగ్లేయులు అరబ్బీ అంకెలందురు. అరబ్బులు తమ యంకెలను హిందూ అంకెలందురు. మన దేశమున పుట్టిన దశాంశపద్ధతియే ఇరువురకు నాధారము. అరబ్బీలో అక్షరములు కుడినుండి నడచినను అంకెలలో పదులస్థానము ఒకట్లకు ఎడమననే యుండును. కాని తూర్పు అరబ్బుదేశములలో వ్రాయు అయిదు అంకె గుండ్రముగ, మన సున్నవలె నుండును. వారి సున్న యొక చుక్క. సిరియా బాలుడు పలకపై సున్న చుట్టినచో అది అయిదు కావచ్చును. ఈ సంగతి నెఱుగని ఉపాధ్యాయుడు లెక్క తప్పని ఎఱ్ఱ సిరాతో కొట్టివేయును. వచ్చిన లెక్కకు రాలేదని దండన పడిన బాలుడు పంతులును గుఱించి యేమనుకొనును? లెక్కలను గుఱించి యేమనుకొనును?

ఉచ్చారణమును అట్లే. గ్రంథపు అరబ్బీలో పకారము లేదు. కావున ఆ పిల్లలు పార్కును "బార్కు" అనియు, పెన్నును "బెన్ను" అనియు పలుకుదురు. పదాదిని రెండు మూడు హల్లులు కలిసివచ్చినచో నడుమ నచ్చును చొప్పింతురు. మనలో పెద్దలు స్కూలును "ఇస్కూలు" అనుట వినని వారెవరు? వాక్యములందు "అతడు ఉపాధ్యాయుడు" అనుటకు అరబ్బీలో "హువ ముఅల్లిమ్" అని రెండే పదములు చాలును. తెలుగునను రెండే పదములు. ఆంగ్లము నడుమ నొక క్రియాపదమును, నామవాచకమునకు ముందొక ఉపపదమును కోరును. అరబ్బు బిడ్డ వానిని విడుచును; మనమును చిన్ననాడు విడిచి దెబ్బలు తిన్నవారమే. కావున తప్పు అనునది పెక్కుసారులు లేమికి గుర్తు కాదు, కలిమికి గుర్తు. ఉపాధ్యాయుడు ఆ జాడ వెంట పోయినచో పిల్లవాడున్న చోటికి చేరుకొనును. జాడను చెరిపివేయుటతోనే తృప్తిపడినచో పిల్లవానిని కనుగొనలేడు.

కలిమి యన్నామే గాని అది యెట్టిదో చెప్పలేదు. అరబ్బీలో పదములు చాలవఱకు మూడేసి హల్లుల ధాతువులనుండి పుట్టును. కితాబ్ అనగా పుస్తకము, కాతిబ్ అనగా వ్రాయువాడు, మక్తబ్ అనగా వ్రాతపని జరుగు చోటు, మక్తబా అనగా గ్రంథాలయము. పదములకు కుటుంబములుండునని ఆ బిడ్డకు పుట్టుకతోడనే తెలియును. ఆంగ్లపదముల చుట్టఱికమును చూపుటకు ఇంతకంటె మంచి పునాది యేమి కావలెను? మఱియు ఆంగ్లుల ఆల్జీబ్రా తొమ్మిదవ శతాబ్దపు అల్ ఖ్వారిజ్మీ గ్రంథనామమునందలి "అల్ జబ్ర్" అను మాటయే. కాటన్ అనునది "కుత్న్". షుగర్ అనునది "సుక్కర్" ద్వారమున వచ్చిన మన శర్కరయే. తన యింటి మాట బడి పుస్తకములో కూర్చుండియుండుటను చూచిన బిడ్డ కన్నులలో నొక వెలుగు పుట్టును. ఆ వెలుగు మనకు తెలియనిదా? జవాబు, హక్కు, వసూలు, అసలు, నకలు అని దినమున కెన్నిసార్లో మనమును అరబ్బీ మాటలాడుచునే యున్నాము.

ఇచ్చట నొక చిక్కు కలదు. అరబ్బీ యనగా నొక్కటి కాదు. ఇంట మాటాడునది వేఱు, పుస్తకమున వ్రాయునది వేఱు. చార్లెస్ ఫెర్గూసన్ అను పండితుడు 1959లో ఇట్టి ద్వివిధస్థితిని వర్ణించినప్పుడు అరబ్బీనే ముఖ్యోదాహరణములలో నొకటిగా గ్రహించెను. యెమెను ఇంటిమాటయు లెబనాను ఇంటిమాటయు మిక్కిలి భిన్నములు. గ్రంథభాష ఇరువురకును బడిలో నేర్చుకొనవలసినదే. మేము వ్రాయుచున్న యీ భాష మా యింట మాటాడునది కాదు. కావున ఈ కష్టము మాకు వేఱొకరు చెప్పనక్కఱ లేదు. ఇందుచేత పదేండ్ల బాలుర నిద్దఱను ఒక బల్లపై కూర్చుండబెట్టి, ఇరువురును అరబ్బులే కదా యని ఒకే మందిచ్చుట పొరపాటు. ఒకడు స్వదేశమున నాలుగు తరగతులు చదివినవాడు. వానికి చదువుట యనునది తెలియును, లిపి మాత్రము క్రొత్తది. వేఱొకడు యుద్ధమువలన ఊరూర తిరిగి, గుడారములలో పెరిగి, ఏ లిపియు నెఱుగనివాడు. రెండవవాడు మందబుద్ధి కాడు. వానికి కావలసిన కాలము వేఱు.

కాలమనగా ఇంకొక మాట. జిమ్ కమిన్స్ అను కెనడా విద్యావేత్త 1979 మొదలు ఒక భేదమును చెప్పుచున్నాడు. ఆటస్థలమున మాటాడు భాష పిల్లలకు ఇంచుమించు రెండేండ్లలో పట్టుబడును. పాఠ్యపుస్తకపు భాష తోడివారితో సమముగ పట్టుబడుటకు అయిదు మొదలు ఏడేండ్లవఱకు పట్టును. ఈ భేదము తెలియక పెద్దలు రెండు విధముల అన్యాయము చేయుదురు. మొదట నెలల తరబడి మాటాడని బిడ్డను చూచి తెలివి లేదందురు. ఆ మౌనమున వినుటయే జరుగుచున్నదని గ్రహింపరు. పిదప గలగల మాటాడుట చూచి, ఇక సాయమక్కఱలేదని చేయి తీసివేయుదురు. అప్పుడు చరిత్రపాఠమునను, ప్రకృతిశాస్త్రమునను వాడు తప్పినచో సోమరియందురు.

మఱి యేమి చేయవలెను? గొప్ప ద్రవ్యము కోరని పనులు పెక్కు కలవు. మొదటిది పేరు. హల్కంఠములనుండి పలుకు అరబ్బీ ధ్వనులు కఠినములని పిల్లవాని పేరును సగము విఱిచి, తనకు నచ్చిన తునక పెట్టి పిలుచు ఉపాధ్యాయుడు మొదటిదినముననే యొక పాఠము చెప్పినవాడగును: "నీవు మాఱవలెను, నేను మాఱను" అని. నాలుగుసార్లు అడిగి, తప్పులు పలికి, పిల్లలచేత దిద్దించుకొని నేర్చుకొన్న ఉపాధ్యాయుడు వేఱొక పాఠము చెప్పినవాడు. తప్పు పలుకుట సిగ్గుపడదగినది కాదని ఆ తరగతి అంతయు నేర్చుకొనును. రెండవది, పాఠమునకు ముందే అందలి ముఖ్యపదములను బొమ్మలతో, వస్తువులతో చూపుట. మూడవది, అరబ్బీ తెలిసిన తోడివానితో తన భాషలో నాలోచించి, పిమ్మట ఆంగ్లమున చెప్పుటకు అనుమతించుట. ఆవిరి యెట్లు పుట్టునో అరబ్బీలో గ్రహించిన బిడ్డకు ఆంగ్లమున నొక మాటయే కొఱత. సంగతి కొఱత కాదు. నాలుగవది, ఒక్కొక్క వ్రాతలో ఒక్కొక్క విధమైన తప్పునే దిద్దుట. కాగితమంతయు ఎఱ్ఱబాఱినచో నేర్చుకొనువాడు లేడు.

బడి గడపకు వెలుపల జరుగు నన్యాయము ఇంతకంటె ఘోరము. "ఇంటిలోను ఆంగ్లమే మాటాడుడు" అని తల్లిదండ్రులకు హితము చెప్పు ఉపాధ్యాయులు పెక్కుచోట్ల కలరు. ఉద్దేశము మంచిదే. ఫలమును చూడుడు. తల్లికి వచ్చిన ఆంగ్లము పది మాటలు. ఆ పది మాటలతో బిడ్డను మందలింపవలెను, భయము తీర్పవలెను, తండ్రి చావును గుఱించి చెప్పవలెను. నిండు సంసారమును నడిపిన నాలుక ఒక్కదినమున నత్తినాలుక యగును. బిడ్డ దినదినము బడిభాషలో పెరుగుచుండ, తల్లి ఆ బిడ్డ కన్నులలో దినదినము చిన్నదగుచుండును. ఆసుపత్రిలో తల్లి రోగమును వైద్యునకును, వైద్యుని మాటను తల్లికిని చెప్పవలసినది తొమ్మిదేండ్ల కూతురు. తాను వినరాని మాట విని, దానిని తల్లికి చెప్పుటయో దాచుటయో తానే నిర్ణయింపవలెను. ఇట్టి భారము మోయు బిడ్డను తెలివిగలదని మెచ్చుకొందుము. మెచ్చుకోలుతో భారము దిగునా? తగిన దుబాసీని పెట్టుట ఆసుపత్రి ధర్మము; తల్లికిని ఆంగ్లము నేర్చు నవకాశము చూపుట ఊరి ధర్మము. ఇంటిభాషను ఇంటనే నిలుపుమనుట బడి ధర్మము. 1975లో ఇంగ్లండున బుల్లక్ అధ్యక్షతన వెలువడిన విద్యానివేదిక, బిడ్డ బడి గుమ్మము దాటునపుడు ఇంటి భాషను విడిచి రావలెనని యెవరును కోరరాదన్న యభిప్రాయమును స్పష్టముగ ప్రకటించినది.

మా వాదమునకు ఎదురుపడు మాటలు లేకపోలేదు. "తరగతిలో ముప్పదిమంది, వారికి పది భాషలు. ఉపాధ్యాయుడు పదింటిని నేర్చునా?" అని యడుగుదురు. పదింటిని మాటాడవలెనని మేము కోరము. ఒక్కొక్క భాషను గుఱించి ఒక్క సాయంకాలము వెచ్చించి, దాని లిపి యెటు నడచునో, ఏ ధ్వనులు లేవో, వాక్యమెట్లుండునో తెలిసికొనుట అసాధ్యము కాదు. "తల్లిదండ్రులే ఆంగ్లము చాలునందురే?" అని రెండవ యాక్షేపము. నిజమే. బిడ్డకు కూడు దొరకదను భయమున నన్న మాట యది. భాష పోవుటయో, కూడు పోవుటయో రెండే తెరువులని వారికి నమ్మకము కలిగించినవారెవరు? మూడవది మిక్కిలి బలమైనది. "తల్లిభాషయని గౌరవించుచు పిల్లలను ఒక మూల కూర్చుండబెట్టి, ఆంగ్లము చక్కగ నేర్పక యేండ్లు గడిపిన బడులు లేవా?" ఉన్నవి. అదియును ద్రోహమే. ఆంగ్లము రానిచో ఆ దేశమున నా బిడ్డకు న్యాయస్థానము లేదు, ఉద్యోగము లేదు, వోటు విలువ తెలియదు. పట్టుదలతో, శాస్త్రీయముగ, ఆలస్యము లేక ఆంగ్లము నేర్పవలెననుటలో మేమెవ్వరికిని తీసిపోము. గౌరవము పేర బోధన మానుటయు, బోధన పేర గౌరవము మానుటయు రెండును బిడ్డను సగముగ చూచుటయే.

ఈ ధర్మము మనకు క్రొత్తది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో నుండగా, కొండలలోని సవర పిల్లలకు చదువు చెప్పదలచి, ముందు తాము సవరభాషను నేర్చిరి. ఆ భాషలో వాచకములు కూర్చిరి, బడులు పెట్టిరి. 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. పిల్లవాడు తన యొద్దకు వచ్చుటకు ముందు తామే పిల్లవాని యొద్దకు నడచిన గురువు వారు. అట్టివారు పుట్టిన నేలపైననే నేడు తెలుగు మాటాడినందుకు దండించు బడిలో చేర్పించి, రుసుము చెల్లించి, బిడ్డకు తెలుగు చదువ రాదని నవ్వుచు చెప్పుకొను గృహస్థులు పెక్కండ్రు. మేమును ఆ నవ్వులో నప్పుడప్పుడు పాలుగొన్నవారమే. అరబ్బు తల్లి నోటినుండి ఆమె భాషను లాగికొను పరదేశపు ఉపాధ్యాయుని నిందించుటకు ముందు, ఆ పనినే మన యింట మనమే చేసికొనుచున్నామేమో విచారించుకొనుట మంచిది. మిషిగన్‌లో కాపురమున్న తెలుగువారికి ఈ ప్రశ్న మఱియు దగ్గఱిది. వారి బిడ్డలు అరబ్బు బిడ్డలతో నొకే బల్లపై కూర్చుండవచ్చును.

ఆ కొప్పెర నేడు రంగస్థలముపై లేదు. కాని, ఎవరి చేతిలోనైనను తెడ్డు ఉండవచ్చును. క్రొత్తగ వచ్చిన బిడ్డ తలుపుచెంత నిలిచినపుడు ఉపాధ్యాయుడు మొదట నడుగవలసినది "నీకేమి రాదు?" అని కాదు, "నీకేమి వచ్చును?" అని. ఆ జవాబు అరబ్బీలోనే వచ్చినను, కొంతకాలము అర్థము కాకున్నను, ఓపికతో వినవలెను. ఆంగ్లము నేర్పు పని అచ్చటనే మొదలగునని మా నమ్మకము.